పేర్లు రాసే లీడరు వద్దు: ప్రాథమిక బడిలో పిల్లలకు బాధ్యతలు అప్పగించే పద్ధతి

టీచరు ఆఫీసు గదికి పోతూ అయిదో తరగతిలో గొంతు పెద్దగా ఉన్న పిల్లవాడిని పిలిచి, "మాట్లాడినోళ్ళ పేర్లు బోర్డు మీద రాయి" అని చెప్పిపోవడం మన బళ్ళలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఆ పిల్లవాడు స్నేహితుల పేర్లు వదిలేస్తాడు, పడనివాళ్ళ పేర్ల పక్కన ఇంటూ (×) గుర్తులు పెంచుతూ పోతాడు. మిగిలిన పిల్లలు వాడిని మంచి చేసుకోవడానికి రేగిపండ్లు తెచ్చిస్తారు. గదిలో అరగంట నిశ్శబ్దం దొరుకుతుంది నిజమే. కానీ నాయకుడంటే పక్కవాడి తప్పు పట్టేవాడని ముప్పై మంది పిల్లలు ఒకేసారి నేర్చుకుంటారు.

ఇక్కడ చెప్పబోయే పద్ధతిలో లీడరు చేతికి తోటిపిల్లలను అప్పగించం. ఒక పనిని అప్పగిస్తాం. ఆ పని జరిగితే బడికంతా మేలు, జరక్కపోతే బడికంతా తెలుస్తుంది. ఒకటి నుంచి అయిదు తరగతులు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, అరవై మంది దాకా పిల్లలు ఉన్న బడిని దృష్టిలో పెట్టుకుని లెక్కలు ఇచ్చాం. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఏర్పేడు, చంద్రగిరి, పూతలపట్టు, గంగాధర నెల్లూరు వంటి మండలాల పల్లెల్లో ఎక్కువగా కనిపించేది ఈ రకం బడే. ఏకోపాధ్యాయ బడి అయితే పనుల సంఖ్య సగానికి తగ్గించుకోండి, పద్ధతి అదే.

ముందు తీసేయాల్సినవి

కొత్తది మొదలుపెట్టే ముందు ప్రార్థన సమయంలో పిల్లలందరికీ వినబడేలా ఈ మాట చెప్పాలి: ఈ బడిలో ఏ లీడరూ ఎవరినీ కొట్టడు, గుంజీలు తీయించడు, పేర్లు రాయడు. లీడరు చేతిలో బెత్తం, స్కేలు ఉండవు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలకు శారీరక శిక్షలు, మానసిక వేధింపులు కూడదంటోంది. టీచరుకే లేని అధికారాన్ని తొమ్మిదేళ్ళ పిల్లవాడి చేతికి ఇవ్వడం కుదరదు.

బాధ్యత పేరుతో చేయించకూడని పనులు కూడా ముందే రాసి గోడకు అతికించండి. మరుగుదొడ్లు కడగడం, టీచరుకు టీ తేవడం, బండి తుడవడం, బియ్యం మూటలు మోయడం, పొయ్యి దగ్గరికి పోవడం, వేడి సాంబారు గిన్నె పట్టుకోవడం, మాత్రలు పంచడం, చిన్నపిల్లలను రోడ్డు దాటించడం. మాత్రల సంగతి గట్టిగా చెబుతున్నాం. ఐరన్ మాత్ర అయినా, నులిపురుగుల మందు అయినా టీచరో ఆరోగ్య సిబ్బందో చేత్తో ఇచ్చి, కళ్ళముందు మింగించాల్సినవి.

మరి టీచరు గదిలో లేనప్పుడు గోల ఎలా? గోలకు కారణం చేతిలో పని లేకపోవడం. పోయే ముందే బోర్డు మీద పని రాసి, "మెల్లగా మాట్లాడుకోవచ్చు, లేచి తిరక్కూడదు" అని ఒక్క నియమం పెట్టి, సందేహం వస్తే అడగడానికి ఇద్దరు పిల్లలను కేటాయిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఇది కొత్త ఆలోచన కాదు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర రిషివ్యాలీ సంస్థ తీర్చిదిద్దిన బహుళ తరగతి బోధన పద్ధతిలో పిల్లలు నేర్చుకోవాల్సిన మెట్లను వరుసగా చూపే పటం, అంటే అభ్యాస నిచ్చెన చూసుకుని, తమ తర్వాతి కార్డు తామే వెతుక్కుంటారు. ఒక గుంపు టీచరు దగ్గర, మరో గుంపు తోటిపిల్లల సాయంతో, ఇంకో గుంపు సొంతంగా పని చేసుకుంటుంది. కాపలా కాసే లీడరు అవసరమే అక్కడ రాదు.

పనులు ఎలా వెతకాలి

జూన్‌లో బడి తెరిచిన మొదటి రెండు మూడు వారాలు అడ్మిషన్లు, పుస్తకాలు, బట్టలు, కిట్ల పంపిణీతో గడిచిపోతాయి. ఆ హడావుడిలో ఇది మొదలుపెట్టవద్దు. ఆ రోజుల్లో టీచరు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, రోజూ తాను చేస్తున్న పనుల్లో పిల్లలు చేయగలిగినవి రాసుకుంటూ పోతే జూలై మొదటి వారానికి జాబితా సిద్ధంగా ఉంటుంది.

ప్రతి పనినీ నాలుగు ప్రశ్నలతో జల్లెడ పట్టండి. ఇది పది నిమిషాల్లో అయిపోతుందా? మానేస్తే ఎవరికైనా ఇబ్బంది కలుగుతుందా? దెబ్బ తగిలే ప్రమాదం లేదు కదా? జీతం తీసుకుని ఈ పని చేయాల్సిన మనిషి వేరే ఉన్నారా? రెండో ప్రశ్న దగ్గరే చాలా పదవులు రాలిపోతాయి. "క్రమశిక్షణ మంత్రి", "పరిశుభ్రత మంత్రి" అని బ్యాడ్జీలు పెట్టి ఆగస్టు 15న ప్రమాణ స్వీకారం చేయించిన బళ్ళలో ఆగస్టు 16న ఆ మంత్రికి చేయడానికి ఏమీ ఉండదు. పదవి కంటే ముందు పని ఉండాలి.

నిలబడే పనులు కొన్ని, వాటి వివరాలతో:

గంట. ఒకటో తరగతి పాప కూడా కొట్టగలదు. గోడ గడియారం కింద ఇంటర్వెల్, భోజనం, వాటర్ బెల్, లాంగ్ బెల్ సమయాలకు ముల్లు ఎక్కడుంటుందో ఒక్కోదానికి ఒక గడియారం బొమ్మ గీసి అతికించండి. పై గడియారం, కింది బొమ్మ ఒకేలా కనబడగానే గంట కొట్టాలి. సమయం చదవడం రాని పిల్ల నెల తిరిగేసరికి నేర్చేసుకుంటుంది.

భోజనం లెక్క. అయిదో తరగతి పిల్లలకు ఇంతకంటే మంచి పని లేదు. హాజరు అవగానే ఇద్దరు పిల్లలు తరగతి తరగతికీ పోయి, వచ్చినవాళ్ళ సంఖ్య రాసుకుని, మొత్తం కూడి వంట అక్కకు చెప్పాలి. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి మధ్యాహ్న భోజనంలో బియ్యం 100 గ్రాములు, పప్పు 20 గ్రాములు, కూరగాయలు 50 గ్రాములు అన్నది ప్రమాణం. 52 మంది వస్తే బియ్యం 5 కిలోల 200 గ్రాములు, పప్పు 1 కిలో 40 గ్రాములు, కూరగాయలు 2 కిలోల 600 గ్రాములు. ఈ లెక్క పిల్లలు బోర్డు మీద వేయాలి, టీచరు సరిచూడాలి. గుడ్డు ఇచ్చే రోజున తిననివాళ్ళు ఎంతమందో విడిగా రాయాలి. బియ్యం తూచడం, రుచి చూసి రిజిస్టరులో సంతకం పెట్టడం మాత్రం పెద్దవాళ్ళ పనే.

చేతులు కడిగే వరుస. పదిమంది చొప్పున పంపితే, ఒక్కొక్కరు సబ్బుతో 20 సెకన్లు రుద్దుకున్నా, అరవై మందికి ఎనిమిది పది నిమిషాలు చాలు. సబ్బు జారి మట్టిలో పడి అరిగిపోతుంది, లేదంటే రెండోరోజుకే కనబడదు. పాత మేజోడులో సబ్బు వేసి కుళాయికి కట్టేస్తే రెండు ఇబ్బందులూ తీరతాయి. లీడర్లు చూడాల్సింది భోజనానికి అరగంట ముందు ట్యాంకులో నీళ్ళున్నాయా, సబ్బు ఉందా అన్నది. లేకపోతే వెంటనే టీచరుకు చెప్పాలి. కడుక్కోనివాళ్ళను పట్టుకురావడం వాళ్ళ పని కాదు.

పుస్తకాలు. చాలా బళ్ళలో కథల పుస్తకాలు చిరుగుతాయన్న భయంతో బీరువాలో తాళంలో ఉంటాయి. బయటికి తీసి, గోడకు తాడు కట్టి వేలాడదీయండి. రిజిస్టరులో నాలుగు గళ్ళు చాలు: తేదీ, పేరు, పుస్తకం నంబరు, తిరిగి ఇచ్చిన తేదీ. రాయడం రాని చిన్నపిల్లలకు పేరు, బొమ్మ ఉన్న అట్టముక్క ఇస్తే, పుస్తకం తీసిన చోట దాన్ని క్లిప్పుతో పెట్టి పోతారు. చిరిగిన పుస్తకానికి తిట్లు ఉండకూడదు. పక్కనే ఒక డబ్బా, అందులో జిగురు, టేపు. అతికించడం కూడా లీడర్ల పనే.

వాన కొలత. మన రెండు జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు వస్తాయి కాబట్టి ఇది ఆ మూడు నెలల పని. నిలువు గోడలున్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, గరాటులా తలకిందులుగా అందులోనే పెట్టాలి. కోసేది టీచరు. సీసా అడుగు వంకరగా ఉంటుంది కనుక గులకరాళ్ళు వేసి, అవి మునిగేదాకా నీళ్ళు పోసి, ఆ గీతను సున్నాగా తీసుకుని పైకి మిల్లీమీటర్ల స్కేలు అతికించండి. వాతావరణ శాఖ కొలత ఉదయం 8.30కి తీస్తుంది. బడి తెరవగానే పిల్లలు చూసి రాస్తే దానికి దగ్గరగా ఉంటుంది. రాసుకున్నాక నీటిని మళ్ళీ సున్నా గీతకు తేవాలి, ఇది మరిచిపోతే మర్నాటి లెక్క తప్పుతుంది. వానాకాలంలోనే ఇంకో పని కూడా ఉంటుంది: ఆవరణలో కొబ్బరి చిప్పలు, పగిలిన కుండీలు, టైర్లలో నిలిచిన నీళ్ళు ఎక్కడున్నాయో చూసి టీచరుకు చూపించడం. వంక పారుతున్నప్పుడు పిల్లలను దాటించడం మాత్రం ఏ పిల్ల లీడరుకూ అప్పగించకండి. అది తల్లిదండ్రులు, టీచర్లు చూసుకోవాల్సిన విషయం.

కొత్తవాళ్ళకు తోడు. ఇటుక బట్టీలకు, తిరుపతి చుట్టుపక్కల కట్టడం పనులకు వచ్చిన కుటుంబాల పిల్లలు ఏడాది మధ్యలో చేరుతుంటారు. వాళ్ళకు వారం రోజులు ఒక తోడు కావాలి. మరుగుదొడ్డి ఎక్కడ, నీళ్ళు ఎక్కడ, పళ్ళెం ఎక్కడ పెట్టాలి, ఏ గంటకు ఏం చేయాలి అన్నవి చూపించాలి, భోజనంలో పక్కన కూర్చోవాలి. వారం దాకా ఆ పిల్లవాడు ఒంటరిగా తినకుండా ఉంటే చాలు, పని జరిగినట్టే.

ఇవిగాక మొక్కలు, ఆట వస్తువులు, ప్రార్థనలో వార్తలు చదవడం, పోయిన వస్తువుల పెట్టె, చెప్పుల వరుస లాంటివి మీ బడిని బట్టి కలుపుకోవచ్చు. మొదటి నెల మూడు పనులకు మించి మొదలుపెట్టవద్దు. పది పన్నెండు పనులూ ఒకేసారి పెడితే మూడోవారానికి అన్నీ పడుకుంటాయి, ఎందుకంటే అన్నింటినీ గమనించడానికి టీచరుకు తీరిక ఉండదు.

జంటలు, వంతులు

ప్రతి పనికీ ఇద్దరు. మన పల్లెల్లో దీనికి బలమైన కారణం ఉంది. వేరుశనగ కోతలప్పుడు, జాతరలప్పుడు, పెళ్ళిళ్ళప్పుడు పిల్లలు బడికి రారు. ఒక్కడికే అప్పగించిన పని ఆ రోజు ఆగిపోతుంది.

ఒక్కొక్కరి వంతు రెండు వారాలు. అయితే ఇద్దరినీ ఒకేసారి మార్చకూడదు. ప్రతి సోమవారం జంటలో ఒకరు దిగాలి, కొత్తగా ఒకరు ఎక్కాలి. అప్పుడు వారం అనుభవం ఉన్న పిల్ల కొత్తవాడికి నేర్పుతుంది, టీచరు మళ్ళీ మొదటినుంచి చెప్పక్కర్లేదు. పన్నెండు పనులుంటే ఏ వారంలోనైనా 24 మంది పనిలో ఉంటారు, వారానికి 12 మంది కొత్తవాళ్ళు వస్తారు. అరవై మంది ఉన్న బడిలో అయిదు వారాల్లో ప్రతి పిల్లకూ ఒక వంతు వచ్చేస్తుంది. ఏడాదిలో ఒక్కొక్కరికి అయిదారు రకాల పనులు చేతిలో పడతాయి.

వీలైనచోట జంటలో ఒక పెద్ద తరగతి, ఒక చిన్న తరగతి ఉండేలా చూడండి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చూడగానే అయిపోయే పనులు బాగుంటాయి: గంట, చెప్పులు, మొక్కకు చెంబెడు నీళ్ళు. మూడో తరగతి నుంచి రాయడం, లెక్కపెట్టడం ఉన్న పనులు. నాలుగు, అయిదు తరగతులవాళ్ళు సభ నడపగలరు, ముందుగా ఆలోచించి ఏర్పాట్లు చేయగలరు.

ఒక చార్టు మీద పనుల బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద రెండు జేబులు, అందులో పేర్ల అట్టలు. దీన్ని టీచరు గదిలో పెట్టవద్దు, పిల్లల కళ్ళ ఎత్తులో, అంటే నేల నుంచి మూడు మూడున్నర అడుగుల లోపు, వరండా గోడకు పెట్టండి.

పని నేర్పడం

"ఈ రోజు నుంచి పుస్తకాలు నువ్వే చూసుకో" అంటే ఏడేళ్ళ పాపకు అర్థమయ్యేది ఏమీ లేదు. మొదటిరోజు టీచరు చేస్తూ, ఏం చేస్తున్నారో పైకి చెప్పాలి. రెండో రోజు, మూడో రోజు కలిసి చేయాలి. నాలుగో రోజు పాప చేస్తుంది, టీచరు చేతులు కట్టుకుని నిలబడాలి. అయిదో రోజు అక్కడ ఉండకుండా, అయ్యాక వచ్చి చూడాలి.

నాలుగో రోజే అన్నింటికంటే కష్టం. పాప పుస్తకం నంబరు తప్పు గడిలో రాస్తుంటే చేయి లాక్కుని దిద్దాలనిపిస్తుంది. దిద్దవద్దు. పూర్తయ్యాక, "ఈ పుస్తకం ఎవరి దగ్గరుందో రేపు ఎట్లా తెలుసుకుంటావమ్మా?" అని అడగండి. తానే వెతుక్కుని సరిచేస్తుంది. పని తప్పినప్పుడు అడగాల్సిన ప్రశ్న కూడా ఇలాంటిదే. "ఎందుకు చేయలేదు?" అంటే పిల్లలు తల దించుకుంటారు, లేదా పక్కవాడి మీదికి తోస్తారు. "ఏం అడ్డమొచ్చింది?" అంటే, "కుళాయి గట్టిగా ఉండాది సార్, తిప్పేదానికి రాలేదు" అని అసలు సంగతి బయటికొస్తుంది. చాలాసార్లు పిల్లల బద్ధకం అనుకున్నదాని వెనుక అందని ఎత్తు, తిరగని కుళాయి, మూత రాని డబ్బా ఉంటాయి.

బహుమతులు పెట్టకండి. పెన్సిలో చాక్లెటో ఇవ్వడం మొదలుపెడితే అది ఆగిన రోజే పని ఆగుతుంది. "నువ్వు నీళ్ళు చూసినందువల్ల ఈ రోజు అందరూ అయిదు నిమిషాలు ముందే అన్నానికి కూర్చున్నారు" అని ఫలితాన్ని చెప్పడం చాలు. "శభాష్" అన్న ఒక్క మాట కంటే ఇది ఎక్కువ పని చేస్తుంది.

వారం సభ

పనులు చేయడం సగం. బడి గురించి తమ మాటకు విలువ ఉందని తెలియడం మిగతా సగం. అది ఈ సభలో జరుగుతుంది. శనివారం, అందులోనూ నో బ్యాగ్ డే అయితే మంచి సమయం. మూడు నుంచి అయిదు తరగతుల పిల్లలు వలయంగా నేల మీద కూర్చోవాలి, టీచరు కూడా నేల మీదే. మొత్తం 25 నిమిషాలు. అంతకు మించితే పిల్లలు కదలడం మొదలుపెడతారు.

ఒక వస్తువు చేతులు మారుతుంటుంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. మాధవమాల కొయ్యబొమ్మ లాంటిది ఒకటి ఉంటే బాగుంటుంది, లేకపోతే నున్నటి రాయి అయినా సరే. మాట్లాడటం ఇష్టం లేకపోతే పక్కవారికి ఇచ్చేయొచ్చు. మొదటి నెల సగం మంది అలా దాటించేస్తారు, బలవంతం చేయొద్దు. బొమ్మను చేతిలో కాసేపు పట్టుకుని దాటించే పిల్ల, నాలుగైదు సభల తర్వాత ఒక మాట అంటుంది.

మొదటి అయిదు నిమిషాలు ఈ వారం బాగా జరిగిన పని. తర్వాత పది నిమిషాలు ఏ పనికి ఏం అడ్డమొచ్చిందన్నది. ఆ తర్వాత ఎనిమిది నిమిషాలు ఒకే ఒక్క కొత్త సమస్య. చివరి రెండు నిమిషాలు నిర్ణయం రాసి, పైకి చదవడం. రాసేది అయిదో తరగతి పిల్ల. అక్షరదోషాలుంటే ఉండనివ్వండి, ఆ పుస్తకం వాళ్ళది.

సమస్యలు ముందుగా తెలియడానికి ఒక చెప్పుల అట్టపెట్టెకు చీలిక కోసి పెట్టండి. రాయలేనివాళ్ళు బొమ్మ వేయొచ్చు. పెట్టె శుక్రవారం టీచరు ఒక్కరే తెరవాలి. ఎందుకంటే అందులో అప్పుడప్పుడు సభలో చదవకూడనివి వస్తాయి: ఇంట్లో కొడుతున్నారని, దారిలో ఎవరో వెంటపడుతున్నారని. అవి సభకు సంబంధించినవి కావు, ఆ రోజే విడిగా పట్టించుకోవాల్సినవి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు టీచరు దగ్గర ఉండాలి, గోడ మీద కూడా ఉండాలి.

సభలో ఒక నియమం తప్పకూడదు: పేర్లు చెప్పకూడదు. "చరణ్ తోస్తా ఉండాడు" అని కాకుండా "నీళ్ళ కాడ తోపులాట అవతా ఉండాది" అనాలి. పేరు చెబితే సభ పంచాయితీ అవుతుంది, ఆ పిల్లవాడు నిందితుడవుతాడు, వాడి స్నేహితులు ఎదురుదాడికి దిగుతారు. పేరు లేకపోతే అందరూ తోపులాట గురించే ఆలోచిస్తారు. ఒకే కుళాయి ఉందనో, పెద్దవాళ్ళకూ చిన్నవాళ్ళకూ ఒకేసారి గంట కొడుతున్నారనో తేలుతుంది. చిన్నవాళ్ళకు మూడు నిమిషాలు ముందు గంట కొడదామన్న పరిష్కారం అలా పిల్లల నోటినుంచే వస్తుంది.

పిల్లలు తేల్చగలిగినవి ఏవి, తేల్చలేనివి ఏవి అన్నది దాచకూడదు. ఆట వస్తువుల వంతులు, మొక్కలు ఎక్కడ నాటాలి, ప్రార్థనలో ఏం చదవాలి, వార్షికోత్సవంలో ఏ అంశాలు పెట్టాలి వంటివి వాళ్ళవి. మెనూ, బడి వేళలు, సెలవులు ప్రభుత్వానివి. ఫ్యాను, కుళాయి, గోడ మరమ్మతు వంటి డబ్బు ఖర్చయ్యేవి హెచ్.ఎం., పాఠశాల యాజమాన్య కమిటీ కలిసి తేల్చేవి. పిల్లలను అడిగి, వాళ్ళు చెప్పింది పక్కనపెట్టి, మనం ముందే అనుకున్నదే చేయడం కంటే అసలు అడగకపోవడం మేలు. కుదరనిదానికి వారం లోపు "కుదరదు, ఎందుకంటే" అని జవాబు రావాలి.

ఎవరికి ఏ పని పడుతోంది

ఇది అన్నింటికంటే జాగ్రత్తగా చూడాల్సిన చోటు. వదిలేస్తే ఊళ్ళో ఉన్న తేడాలన్నీ ఈ చార్టు మీదికి నడిచొస్తాయి. ఊడ్చే పని ఆడపిల్లలకు, గంట, మైకు మగపిల్లలకు. వడ్డన దగ్గర కొందరు పిల్లలే, చెప్పుల దగ్గర ఇంకొందరు పిల్లలే. యానాది కాలనీ నుంచి, దళితవాడ నుంచి వచ్చే పిల్లలకు "వాళ్ళు రోజూ రారు కదా" అని వంతే రాదు. నిజానికి సరిగా రాని పిల్లకు పని ముందుగా ఇవ్వాలి. రేపు పొద్దున గంట తానే కొట్టాలని తెలిసిన పిల్ల బడికి రావడానికి ఒక కారణం ఎక్కువ దొరికినట్టే.

అందుకే నెలకోసారి టీచరు ఒక కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. ఇంకా వంతు రానివాళ్ళు ఎవరు? ఒకే రకం పని రెండుసార్లు చేసినవాళ్ళు ఎవరు? అన్నం, నీళ్ళ దగ్గర అన్ని వీధుల పిల్లలూ ఉన్నారా? "మా వాడు ఆ పాప తాకిన నీళ్ళు తాగడు" అని ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే వాదన అక్కర్లేదు, లొంగడం అంతకంటే అక్కర్లేదు. "ఈ బడిలో అందరి వంతూ వస్తుందన్నా, రేపు మీ వాడి వంతు" అని నెమ్మదిగా, గట్టిగా చెప్పాలి. అవసరమైతే హెచ్.ఎం. తోడు నిలబడాలి. ఆ పాప వంతు మాత్రం ఒక్కరోజు కూడా మార్చవద్దు.

నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలుంటారు. తెలుగులో తడబడతారని వాళ్ళను ప్రార్థన దగ్గరికి పిలవరు. ఒకరు తెలుగులో, జంటలో రెండోవారు తమిళంలో అదే ప్రకటన చెబితే చిన్న తరగతుల పిల్లలకూ అర్థమవుతుంది, ఆ పిల్లలకూ గొంతు లేస్తుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పని ఎంచేటప్పుడు మండలంలోని భవిత కేంద్రం టీచరును ఒకమాట అడగండి. సానుభూతికోసం పేరుకు ఒక పని ఇవ్వడం ఆ పిల్లకు వెంటనే తెలిసిపోతుంది.

ఎన్నిక పెట్టాలనుకుంటే

వంతుల పద్ధతి రెండు మూడు నెలలు నడిచాకే పెట్టండి. అప్పటికి ఎవరు పని చేస్తారో పిల్లలకు తెలుస్తుంది. ముందే పెడితే అందంగా మాట్లాడేవాడికీ, పెద్ద వీధి పిల్లవాడికీ ఓట్లు పోతాయి. ఎన్నుకోవాల్సింది సభ నడిపే ఇద్దరిని, అంతే. కాలపరిమితి మూడు నెలలు.

అభ్యర్థి రెండు నిమిషాలు మాట్లాడాలి: తాను ఇప్పటిదాకా చేసిన పని ఒకటి, సభలో తేవాలనుకుంటున్న విషయం ఒకటి. చిన్నపిల్లలూ ఓటేసేలా గుర్తులుండాలి. సైకిలు, ఫ్యాను, గ్లాసు, కమలం, చెయ్యి మాత్రం వాడకండి, ఇళ్ళ దగ్గర పార్టీల గొడవ బడిలోకి వస్తుంది. ఉడుత, వేరుశనగ కాయ వంటివి బాగుంటాయి. ఓటు అట్టపెట్టె చాటున వేయాలి. లెక్కింపు అందరి ముందు, ఒక్కో చీటీ విప్పి చూపిస్తూ, బోర్డు మీద గీతలు పెడుతూ జరగాలి. ఓడినవాళ్ళు ఏడుస్తారు. వాళ్ళకు అదే సోమవారం చార్టులో ఒక పని ఉండేలా ముందే చూసుకోండి.

ఊరి వీధులవారీగా ఓట్లు చీలుతున్నాయనిపిస్తే ఇద్దరిలో ఒకరిని ఓటుతో, ఇంకొకరిని ముందుకొచ్చినవాళ్ళ పేర్లతో చీటీ తీసి ఎంచుకోవచ్చు. ఒకరు అబ్బాయి, ఒకరు అమ్మాయి అన్నది ముందే నియమంగా పెట్టుకోవాలి.

తల్లిదండ్రులు, పై అధికారులు

"మా పాపను చదువుకు పంపితే పని చేయిస్తా ఉండారే" అన్న మాట తప్పక వస్తుంది. తల్లిదండ్రుల సమావేశంలో టీచరు వివరించే కంటే భోజనం లెక్క వేసే పిల్ల బోర్డు మీద ఆ లెక్క వేసి చూపిస్తే ఆ అనుమానం అక్కడే తీరుతుంది. చేయించకూడని పనుల జాబితా కూడా అప్పుడే చదివి వినిపించండి. విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. ఆ కమిటీ సమావేశానికి సభనుంచి ఇద్దరు పిల్లలు వచ్చి, అయిదు నిమిషాల్లో ఒక్క కోరిక చదివి పోవాలి. పది కోరికల చిట్టా తెస్తే ఒక్కటీ జరగదు.

మండల విద్యాధికారి (ఎం.ఈ.ఓ.) గారో ఇంకెవరో వస్తున్నారని తెలియగానే, ఆ వారం వంతు ఉన్న నత్తి పిల్లవాడిని పక్కకు తప్పించి, బాగా మాట్లాడే పిల్లను ముందుకు తేవాలనిపిస్తుంది. ఆ ఒక్క మార్పుతో ఇన్ని నెలలు చెప్పిందంతా ఉత్తదని పిల్లలకు అర్థమైపోతుంది. ఎవరి వంతైతే వాళ్ళే స్వాగతం చెప్పాలి.

ఏడాది చివర

అయిదో తరగతి పిల్లలు ఏప్రిల్‌లో వెళ్ళిపోతారు, టీచర్లకు బదిలీలు అవుతాయి. మార్చి నుంచే సభ నడిపే పని నాలుగో తరగతివాళ్ళకు అప్పగించి, పెద్దవాళ్ళు పక్కన కూర్చోవాలి. ఒక్కో పనికి ఒక పేజీ చొప్పున పిల్లల చేత పని పుస్తకం రాయించండి: ఏం కావాలి, ఏ వేళకు, ఏ వరుసలో, ఎక్కడ చిక్కు వస్తుంది, వస్తే ఎవరికి చెప్పాలి. "కుళాయి ఎడమకు తిప్పితే కారుతుంది", "మూడో నంబరు పుస్తకానికి ఆఖరి పేజీ లేదు" వంటివి పిల్లలకే తెలుసు. వేసవిలో మొక్కలకు నీళ్ళు ఎవరు పోస్తారన్నది కూడా ఆ చివరి సభలోనే తేలాలి. బడికి దగ్గరగా ఇల్లున్న మూడు జంటలు వారానికి రెండేసి రోజులు పంచుకుంటే ఆరు రోజులు గడుస్తాయి. గేటు తాళం ఎవరి దగ్గరుంటుందో, ఎండ తగ్గాక సాయంత్రం ఏ వేళకు రావాలో, వెంట పెద్దవాళ్ళు ఎవరు వస్తారో ఆ పుస్తకం చివరి పేజీలో రాసి, ఆ ఇళ్ళవాళ్ళకు టీచరు స్వయంగా చెప్పి రావాలి.